జన్యువు చెడలేదు, మడత చెదిరింది

కంటిలోని కణంలోనూ, కాలిగోరు మొలిచే చోటి కణంలోనూ, గుండె కండరంలోనూ ఉన్న జన్యులిపి ఒక్కటే. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం అందుకున్న తొలి కణం ఆ లిపిని నకలు తీసుకుంటూ దేహమంతా పంచింది. అయినా కన్ను గోరును మొలిపించదు, గుండె జీర్ణరసాన్ని స్రవించదు. ప్రతి కణం వద్దా గ్రంథం సంపూర్ణంగా ఉన్నప్పుడు, ఏ పుట తెరవాలో ఏ పుట మూసి ఉంచాలో నిర్ణయించేది ఏమిటి? మా మద్రసాలో పై తరగతి విద్యార్థులు ఈ ప్రశ్నను తరచుగా అడుగుతుంటారు. పాఠ్యపుస్తకాలలో దీనికి సగం సమాధానమే దొరుకుతుంది. మిగిలిన సగం ఆ గ్రంథాన్ని మడిచిన తీరులో ఉంది. ఆ మడతకూ, మన ఇళ్లలో కొందరు పసిబిడ్డలను పీడిస్తున్న తలసీమియా వ్యాధికీ గల సంబంధాన్ని ఈ నెల వివరించదలిచాను.

మొదట కొలతలు చూద్దాం. ఒక మానవకణంలోని డీఎన్‌ఏ పోగులన్నిటినీ సాగదీసి కొసకు కొస కలిపితే సుమారు 2 మీటర్లు వస్తుంది. నిలువెత్తు మనిషిని మించిన పొడవన్నమాట. దాన్ని ఇముడ్చుకున్న కేంద్రకం అడ్డుకొలత మిల్లీమీటరులో సుమారు 150వ వంతు. ఆ కేంద్రకాన్ని నిమ్మకాయంత పెద్దది చేశామనుకోండి, లోపలి దారం పన్నెండు, పదమూడు కిలోమీటర్ల పొడవవుతుంది. అంత దారాన్ని నిమ్మకాయలో కుక్కడం ఒక ఎత్తు. కుక్కిన దానిలోంచి కావలసిన చోటును, కావలసిన వేళ, చిక్కుపడకుండా విప్పి చదవడం మరో ఎత్తు.

ఈ మడతలో మొదటి మెట్టును 1974లో రోజర్ కోర్న్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించారు. హిస్టోన్లు అనే ప్రోటీన్లు ఎనిమిదేసి కలిసి చిన్న ఉండగా ఏర్పడతాయి. 147 జతల అక్షరాల మేర డీఎన్‌ఏ ఆ ఉండ చుట్టూ ఒకటిన్నర చుట్టుకు కొంచెం ఎక్కువగా తిరుగుతుంది. ఆ తరువాత కాస్త ఖాళీ దారం, మళ్లీ మరో ఉండ. తస్బీహ్‌లో దారం పూసల లోపలి నుంచి పోతుంది, ఇక్కడ దారమే పూసలను పైనుంచి చుట్టుకుంటుంది. పూసలు దగ్గరదగ్గరగా బిగిసిన చోట అక్షరాలు కనబడవు, అక్కడి జన్యువులు మౌనం వహిస్తాయి. వదులుగా ఉన్న చోట చదివే యంత్రాంగం ప్రవేశించగలుగుతుంది. బిగుసుకున్న భాగాలు ఎక్కువగా కేంద్రకపు గోడను ఆనుకుని ఉంటాయి. ఇది పాత సంగతే.

కొత్త సంగతి మెలికలది. కొహెసిన్ అనే ఉంగరం వంటి ప్రోటీను సముదాయం దారాన్ని పట్టుకుని తనలోకి లాగుతూ పోతుంది. ఉంగరంలోంచి దారాన్ని లాగినకొద్దీ మెలిక పెద్దదైనట్టు, డీఎన్‌ఏ మెలిక కూడా పెరుగుతుంది. సీటీసీఎఫ్ అనే మరో ప్రోటీను కూర్చున్న చోట ఆ లాగుడు సాధారణంగా ఆగుతుంది. దీనివల్ల దారం మీద ఎంతో దూరంగా ఉన్న రెండు చోట్లు కేంద్రకంలో పక్కపక్కకు చేరుతాయి. మొత్తం జన్యులిపిలో ఏ చోటు ఏ చోటును తాకుతున్నదో ఒకేసారి పటం గీయగల పద్ధతిని 2009లో లీబర్‌మన్ ఐడెన్, యోబ్ డెక్కర్‌ల బృందం వెలువరించింది. ఆ పటాలను మరింత సూక్ష్మంగా పరిశీలించినప్పుడు 2012 నాటికి మరో విషయం తేలింది. దారమంతా లక్షల అక్షరాల పేటలుగా విడివడి ఉంది. ఒకే పేటవారు తమలో తాము ఎక్కువగా కలుసుకుంటారు, పక్క పేటతో రాకపోకలు తక్కువ. ఊళ్లలో జరిగేదే!

ఇక మూలకణాల విషయం. తనలాంటి కణాన్ని పుట్టించుకోగలగడం, వేరే రకపు కణంగా మారగలగడం అనే రెండు శక్తులూ ఉన్నది మూలకణం. పిండదశలోని మూలకణం దేహంలో ఏ కణంగానైనా మారగలదు. దాని కేంద్రకంలో దారం ఇతర కణాలలో కన్నా వదులుగా ఉంటుందనీ, హిస్టోన్ పూసలు కూడా గట్టిగా అంటుకోకుండా వస్తూపోతూ ఉంటాయనీ 2006లో మెషోరర్, మిస్టెలీ అనే పరిశోధకులు చూపించారు. ఏ పుట అవసరమవుతుందో ఇంకా తెలియని చదువరి గ్రంథాన్ని గట్టిగా కట్టివేయడు కదా. కణం ఒక వృత్తిని ఎంచుకున్నకొద్దీ అక్కరలేని భాగాలు బిగుసుకుంటాయి, కావలసిన చోట్ల కొత్త మెలికలు పడతాయి. ఆ బిగింపు శాశ్వతం కాదని అదే 2006లో జపాన్ శాస్త్రజ్ఞుడు షిన్యా యమనక నిరూపించారు. ఎలుక చర్మకణాలలోకి నాలుగే నాలుగు జన్యువులను పంపి, వాటిని పిండదశ మూలకణాల వంటి స్థితికి తిప్పగలిగారు. అక్షరాలలో దేన్నీ దిద్దలేదు, చదివే తీరును మార్చారు. 2012లో ఆయనకు జాన్ గుర్డన్‌తో కలిపి నోబెల్ బహుమతి లభించింది.

పెద్దవారి దేహంలో మిగిలే మూలకణాలకు ఇంత స్వేచ్ఛ ఉండదు. ఎముక మూలుగలోని రక్త మూలకణం రక్తానికి సంబంధించిన కణాలనే ఇస్తుంది. దీని ఉనికికి తొలి రుజువులను 1961లో టొరాంటోలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెక్‌కల్లోక్ చూపారు. మన దేహంలో క్షణానికి ఇరవై లక్షలకు పైగా ఎర్ర రక్తకణాలు పుడుతుంటాయి. ఒక్కొక్కటి సుమారు 120 రోజులు బతుకుతుంది. గమనించవలసిన విశేషం ఏమంటే, ఎర్రకణం పరిపక్వమయ్యే వేళ తన కేంద్రకాన్నే బయటికి నెట్టివేస్తుంది. డీఎన్‌ఏ లేని కణంలో దిద్దడానికి ఏముంటుంది? కాబట్టి ఎర్రకణపు దోషాన్ని జన్యుస్థాయిలో సరిచేయాలంటే దాని పూర్వీకురాలైన మూలకణం వద్దకే వెళ్లాలి.

ఎర్రకణం పని ప్రాణవాయువును మోయడం. ఆ మోత హిమోగ్లోబిన్‌ది. హిమోగ్లోబిన్‌లో ఆల్ఫా గొలుసులు రెండు, బీటా జాతి గొలుసులు రెండు ఉంటాయి. బీటా జాతి జన్యువులు 11వ క్రోమోజోము మీద వరుసగా ఉన్నాయి. ఆ వరుస చూడముచ్చటగా ఉంటుంది. తొలి వారాల పిండానికి పనికివచ్చేది ముందు, గర్భస్థ శిశువుకు ఉపయోగపడే గామా తరువాత, పుట్టాక జీవితాంతం పనిచేసే బీటా చివర. వయసు క్రమం ఎలా ఉందో జన్యువుల క్రమమూ అలాగే ఉంది. వీటన్నిటికీ ఎగువన, వేలాది అక్షరాల దూరంలో, ఒక నియంత్రణ భాగం ఉంది. అది స్వయంగా ఏ ప్రోటీనునూ తయారుచేయదు. కానీ అది లేకపోతే ఈ వరుసలో ఏ జన్యువూ తగినంతగా పలకదు.

ఈ సంగతి ఎలా బయటపడింది? ఒక డచ్ కుటుంబం వల్ల. ఆ కుటుంబంలోని వారికి తలసీమియా ఉంది. జన్యువులో ఎక్కడో అక్షరదోషం ఉండి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. పరిశోధకులు చూస్తే బీటా జన్యువు నిక్షేపంగా ఉంది! దాని అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. దానికి ఎగువన మాత్రం దాదాపు లక్ష అక్షరాల మేర దారం తెగిపోయి లేదు. ఎదుట ఆజ్ఞ ఇచ్చేవాడు లేక, ఏ లోపమూ లేని జన్యువు నోరు మూసుకుని కూర్చుంది. 1983లో వెలువడిన ఈ పరిశీలన వెంట నడిచిన లండన్ పరిశోధకుడు ఫ్రాంక్ గ్రోస్‌వెల్డ్ బృందం 1987లో ఆ నియంత్రణ భాగపు శక్తిని ఎలుకలలో రుజువు చేసింది. ఒక కుటుంబం మోసిన దుఃఖం నుంచి ప్రపంచానికి ఒక విద్య లభించింది. వైద్యచరిత్రలో ఇలాంటి కుటుంబాల పేర్లు ఎక్కడా కనిపించవు. వారి రుణం మాత్రం మిగిలే ఉంటుంది.

మరి అంత దూరాన ఉన్నది ఆజ్ఞ ఎలా చేరవేస్తుంది? మడత ద్వారా. 2002లో నెదర్లాండ్స్‌లో టోల్‌హౌస్, డి లాట్ తదితరులు ఎలుక పిండపు కాలేయంలో ఎర్రకణాలుగా మారుతున్న కణాలను పరిశీలించారు. అక్కడ నియంత్రణ భాగం మెలిక తిరిగి వచ్చి బీటా జన్యువును ఆనుకుని ఉంది, మధ్యలోని దారం పక్కకు తొలగి ఉంది. అదే ఎలుక మెదడు కణాలలో అదే దారం చాపినట్టుగా ఉంది, మెలిక లేదు. మెదడుకు హిమోగ్లోబిన్ తయారీతో పని లేదు మరి.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న మిగిలింది. మెలిక పడినందువల్ల జన్యువు పలికిందా, జన్యువు పలికినందువల్ల మెలిక పడిందా? తర్కశాస్త్రం చదువుకున్నవారికి ఈ తేడా ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాజాలదు. ఫిలడెల్ఫియాలోని పిల్లల ఆసుపత్రిలో గెర్డ్ బ్లోబెల్ బృందం దీన్ని తేల్చడానికి పూనుకుంది. మెలికను పట్టి ఉంచే ఒక ప్రోటీనును కృత్రిమంగా జన్యువు ముంగిట బిగించి, మెలిక బలవంతంగా పడేటట్లు చేశారు. జన్యువు పలికింది. ఇది 2012లో. తరువాత 2014లో, పెద్దవారి ఎర్రకణాల పూర్వకణాలలో ఆ మెలికను మూతపడిన గామా జన్యువు వైపు మళ్లించారు. ఎన్నడో మౌనం వహించిన గర్భస్థదశ జన్యువు తిరిగి పలికింది, బీటా పలుకు తగ్గింది. నియంత్రణ భాగం ఎవరి పక్కన కూర్చుంటే వారిదే ఆ వేళ!

అయితే దీన్ని పట్టుకుని మడతే సర్వస్వం అనేయడానికి వీల్లేదు. 2017లో కొందరు పరిశోధకులు మానవకణాలలోంచి కొహెసిన్‌ను పూర్తిగా తొలగించి చూశారు. అది వేసే మెలికలన్నీ మాయమయ్యాయి. కానీ అధికశాతం జన్యువుల పలుకులో పెద్ద తేడా రాలేదు. కొన్ని జన్యువులకు మడత ప్రాణం, చాలావాటికి కాదు. ఈ సందర్భంగా ఒక మాట. ప్రతి కొత్త పరిశోధన వెలువడగానే దాన్ని ఏదో ఒక పవిత్ర వచనానికి అతికించి, మా గ్రంథంలో ఇది ఎప్పుడో ఉందని చాటే ధోరణి మన ఉపన్యాసకులలో పెరిగింది. నాకది సమ్మతం కాదు. శాస్త్రం రేపు తన మాటను తానే సవరించుకుంటుంది, అది దాని స్వభావం. అప్పుడు ఆ అతుకును ఏం చేస్తారు?

మళ్లీ పసిబిడ్డ వద్దకు వద్దాం. తీవ్రమైన బీటా తలసీమియా ఉన్న బిడ్డ పుట్టినప్పుడు ఆరోగ్యంగానే ఉంటుంది, ఎందుకంటే అప్పటికి గామా గొలుసులే పనిచేస్తుంటాయి. నెలలు గడిచేకొద్దీ గామా మూతపడుతుంది. దాని స్థానంలో రావలసిన బీటా రాదు. ఆరు నెలలకూ రెండేళ్లకూ మధ్య బిడ్డ పాలిపోవడం, పాలు తాగలేకపోవడం, ఎదుగుదల ఆగడం మొదలవుతాయి. ఆపై రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంతోపాటు చేరే ఇనుము గుండెలోనూ కాలేయంలోనూ పేరుకోకుండా ఏళ్ల తరబడి మందులు వాడాలి.

గామా మూతపడకుండా ఉంటే? ఈ ఆలోచన పాతదే. 1948లో న్యూయార్క్ నగరపు బ్రూక్లిన్‌లో జానెట్ వాట్సన్ అనే పిల్లల వైద్యురాలు, సికిల్ సెల్ ఉన్న నవజాత శిశువులలో రక్తకణాలు అంతగా వంకర తిరగకపోవడాన్ని గమనించి, దానికి గర్భస్థదశ హిమోగ్లోబిన్ కారణమై ఉంటుందని ఊహించారు. సౌదీ అరేబియా తూర్పు ప్రాంతంలోనూ, మన దేశంలో ఒడిశా, మధ్యభారత ఆదివాసులలోనూ సికిల్ సెల్ ఉన్న చాలామందిలో ఈ గర్భస్థ హిమోగ్లోబిన్ ఎక్కువగా మిగిలి ఉంటుంది. వారిలో అనేకులకు వ్యాధి కొంత తేలికగా ఉండడానికి అదొక కారణం.

గామాకు మూత వేసే ప్రోటీను బీసీఎల్11ఏ అని 2008లో విజయ్ శంకరన్, స్టువర్ట్ ఆర్కిన్‌లు చూపారు. దాని జన్యువు 2వ క్రోమోజోము మీద ఉంది. దాన్ని నాశనం చేస్తే సరిపోదా? సరిపోదు. మెదడుకూ, రోగనిరోధక కణాలకూ, రక్త మూలకణాలకూ కూడా అది కావాలి. 2013లో ఇదే ప్రయోగశాల నుంచి డేనియల్ బావర్ తదితరులు ఆశ కలిగించే విషయం కనుగొన్నారు. ఆ జన్యువు లోపలే, దాని ఆరంభానికి వేలాది అక్షరాల దూరంలో, ఒక చిన్న ప్రేరక భాగం ఉంది. అది ఎర్రకణాల వంశంలో మాత్రమే పనిచేస్తుంది. అది కూడా మెలిక ద్వారానే జన్యువు ఆరంభాన్ని చేరుకుంటుంది. దాన్ని ఒక్కదాన్ని దెబ్బతీస్తే ఎర్రకణాలలో మాత్రమే మూత వేసే ప్రోటీను తగ్గుతుంది, మిగతా కణాలకు హాని లేదు. మూత తొలగగానే దూరపు నియంత్రణ భాగం తిరిగి గామా వైపు మళ్లుతుంది.

కాస్‌జెవీ అనే చికిత్స సరిగ్గా ఇదే చేస్తుంది. రోగి రక్త మూలకణాలను సేకరించి, ప్రయోగశాలలో క్రిస్పర్ అనే జన్యుకత్తెరతో ఆ చిన్న భాగాన్ని కత్తిరించి, మళ్లీ దేహంలోకి ఎక్కిస్తారు. దీన్ని 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా సికిల్ సెల్‌కు ఆమోదించాయి. బ్రిటన్ తలసీమియాకు కూడా అప్పుడే అనుమతి ఇవ్వగా, అమెరికా 2024 జనవరిలో ఇచ్చింది. 2024లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, తగినంత కాలం పరిశీలనలో ఉన్న 35 మంది తలసీమియా రోగులలో 32 మందికి రక్తం ఎక్కించే అవసరం తప్పింది. ఇది పూలబాట కాదు. దిద్దిన కణాలకు చోటు ఇవ్వడానికి మూలుగలోని పాత కణాలను ముందుగా తీవ్రమైన కీమోథెరపీతో తుడిచివేయాలి. దానివల్ల సంతానశక్తి దెబ్బతినవచ్చు. అమెరికాలో నిర్ణయించిన ధర 22 లక్షల డాలర్లు. అంటే 18 కోట్ల రూపాయలకు పైమాట. జ్ఞానం ఇంత దూరం వచ్చాక, ధర దాన్ని మళ్లీ అంత దూరాన నిలబెట్టింది.

అందుచేత మన ఇళ్లలో చేయగలిగిన పని గురించి చెప్పాలి. తల్లిదండ్రులిద్దరూ తలసీమియా వాహకులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రవ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. వాహకులు సాధారణంగా ఆరోగ్యంగా ఉంటారు. మహా అయితే కొంచెం రక్తహీనత కనిపిస్తుంది. దాన్ని ఇనుము లోపమనుకుని ఏళ్ల తరబడి మాత్రలు మింగుతున్న అక్కచెల్లెళ్లు ఎందరో. హిమోగ్లోబిన్ ఏ2 ఎంత ఉందో తేల్చే రక్తపరీక్ష ఒకటి చాలు, వాహకత్వం చాలావరకు బయటపడుతుంది. పెళ్లిలో కుట్టించే ఒక్క జత బట్టల ఖరీదు కూడా దీనికి కాదు. మామూ కూతురినో, ఫుప్పూ కొడుకునో చేసుకునే సంబంధాలు మనలో అధికం. ధర్మం వాటిని నిషేధించలేదు, నేనూ ఆక్షేపించను. కానీ ఒకే తాతగారి నుంచి ఒకే లోపం ఇద్దరికీ సంక్రమించే అవకాశం అక్కడ ఎక్కువన్నది లెక్క. ఇరాన్ 1997 నుంచి వివాహానికి ముందు తలసీమియా పరీక్షను జాతీయ కార్యక్రమంగా నడుపుతోంది. సౌదీ అరేబియాలో తలసీమియా, సికిల్ సెల్ పరీక్షలు 2004 నుంచి తప్పనిసరి. ఫలితం తెలిశాక పెళ్లి చేసుకోవాలా వద్దా అన్నది అక్కడ వధూవరుల ఇష్టమే. మహర్ ఎంత, వలీమా ఎక్కడ అని నెలల తరబడి మాట్లాడుకునే పెద్దలకు ఈ ఒక్క కాగితం అడగడానికి మొహమాటమెందుకో నాకు బోధపడదు. వాహకుడని తేలిన అబ్బాయిని మామూలుగా చూసి, అదే తేలిన అమ్మాయిని లోపమున్నదిగా ఎంచడం మరీ అన్యాయం. లెక్కలో ఇద్దరి వాటా సమానం.

మరో జాగ్రత్త. మూలకణాలతో మోకాళ్ల నొప్పి మొదలు మధుమేహం వరకు అన్నీ నయం చేస్తామనే ప్రకటనలు నగరాలలో విరివిగా కనబడుతున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్తవ్యాధులకు చేసే రక్త మూలకణ మార్పిడి తప్ప మిగిలినవన్నీ పరిశోధన దశలోనివే. వాటికి రోగి నుంచి డబ్బు తీసుకోవడం తగదు. పైన వివరించినంత సూక్ష్మమైన మడతల వ్యవస్థను, ఏ కణమో ఏ స్థితిలో ఉందో చెప్పలేని ఒక సూదిమందు సరిచేస్తుందంటే ఎలా నమ్మగలం?

ఇప్పటికే వ్యాధి సోకిన బిడ్డ ఇంట్లో ఉంటే, మన దేశంలో అందుబాటులో ఉన్న శాశ్వత చికిత్స తోబుట్టువు మూలుగతో చేసే మార్పిడి. ఒక తోబుట్టువుకు కణజాలం పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. బిడ్డ చిన్నవయసులో, ఇనుము అవయవాలను దెబ్బతీయకముందే చేస్తే ఫలితం మెరుగు. కాబట్టి తోబుట్టువుల కణజాల పరీక్షను వాయిదా వేయకండి. కోల్ ఇండియా సంస్థ నిధులతో 2017లో మొదలైన తలసీమియా బాల సేవా యోజన కింద, ఎంపికచేసిన ఆసుపత్రులలో ఈ మార్పిడికి 10 లక్షల రూపాయల వరకు సహాయం లభిస్తుంది. ఏయే ఆసుపత్రులు, ఏయే పత్రాలు అన్నది బిడ్డకు రక్తం ఎక్కించే కేంద్రంలోనే అడిగి తెలుసుకోవచ్చు.